నలభై రెండో షేవింగ్ బ్రష్షు

కనిగిరి వెళ్ళి వచ్చి తొమ్మిది రోజులైంది. పాప పడుకున్నాక దొరికే ఈ గంటన్నరలో రోజుకింత రాస్తున్నాను. మధ్యలో రెండు మూడుసార్లు లేచి వెళ్ళి దాని కళ్ళు చూసి వస్తాను. కనిపించేది మూసిన రెప్పలే, అయినా వెళ్తాను.

గుంటూరు

మా అత్తయ్య తమ్ముడు కనిగిరిలో పాస్టరు. కొత్తగా కట్టుకున్న రెండు గదుల ఇంటికి ప్రతిష్ఠ కూడిక పెట్టుకున్నారు. మా ఆయనకు సెలవు దొరకలేదు. అత్తయ్య, నేను, పద్నాలుగు నెలల మా కెజియా బయలుదేరాం. పాపకు ఇదే మొదటి దూర ప్రయాణం. సంచిలో జ్వరం మందు, థర్మామీటరు, కాచి చల్లార్చిన నీళ్ళు, రెండు టోపీలు, ఆరు జతల బట్టలు పెట్టాను. వాటి కింద జిప్పు ఉన్న చిన్న సంచిలో రెండు షేవింగ్ బ్రష్షులు.

వీటి గురించి ఇక్కడే చెప్పాలి. నా దగ్గర నలభై ఒక్క షేవింగ్ బ్రష్షులున్నాయి. నేను పోగుచేసినవే. మా నాన్న బడి పంతులు. పొద్దున్నే కిటికీ ఊచకు అద్దం తగిలించి, గ్లాసులో సబ్బు నురగ చేసి గడ్డం గీసుకునేవాడు. మిగిలిన నురగ నా ముక్కు మీద చుక్కగా పెట్టేవాడు. పెళ్ళయి వచ్చేటప్పుడు ఆ బ్రష్షు ఇమ్మని అడిగాను. అప్పటికే ట్రిమ్మరుకు మారాడు కాబట్టి ఇచ్చేశాడు. ఆ తరువాత ఏ ఊరి ఫ్యాన్సీ షాపులో వేలాడుతున్నా, ఏ సెలూన్లో మూలన పడి ఉన్నా కొనడం అలవాటైంది. వంద రూపాయలు దాటకూడదు, అదొక్కటే నియమం. ఎర్ర పిడివి, పాలరంగు పిడివి, పంది వెంట్రుకలవి, నైలాన్‌వి. అందమైనవేమీ కావు. ఎవరో ఒకరి చెంపల మీద రోజూ తిరగడానికి చేసినవి.

కెజియాకూ ఒకటుంది. నీలం పిడి, మెత్తటి నైలాన్, నలభై రూపాయలు. సబ్బు తగలనిది. నిద్రపుచ్చేటప్పుడు ఆ పొడి బ్రష్షుతో నుదుటి మీద నుంచి రెప్పల మీదుగా బుగ్గల దాకా మెల్లగా రాస్తాను. ఇరవైసార్లు రాసేలోపు కళ్ళు మూతపడతాయి. చివర్లో బ్రష్షు లాక్కుని ఒకసారి నోట్లో పెట్టుకోనిదే నిద్రపోదు. ఆ నీలం బ్రష్షు ఒకటి, నాన్నది ఒకటి, ఎక్కడికి వెళ్ళినా నా సంచిలో ఉంటాయి.

అత్తయ్య ముప్ఫై ఏళ్ళు అంగన్‌వాడీలో పిల్లల్ని చూసిన మనిషి. ఆమెకు ఇదంతా ఒళ్ళుమంట.

"ఆడదానివి, నీకు గడ్డం బ్రష్షులేంటే? ఎవడి చెంపల మీద ఏ గజ్జి ఉందో," అని బస్టాండులోనే మొదలుపెట్టింది. "విను అమ్మాయ్. వీటి వల్ల పిల్లకి ఏదన్నా అయ్యిందో, నలభై ఒకటీ పొయ్యిలో పెడతా. తర్వాత చెప్పలేదనకు."

"ఏమీ కాదత్తయ్యా."

"కాకపోతే నీకే మంచిది."

మిర్చి సీజను. యార్డు మీదుగా వచ్చే గాలికి బస్సంతా తుమ్మింది. మా ఊళ్ళో ఈ నెలల్లో తుమ్మితే ఎవరూ తిరిగి చూడరు. నేను మాత్రం పాప ముక్కు మీద తడిగుడ్డ పట్టుకుని చిలకలూరిపేట దాకా తియ్యలేదు.

పర్చూరు

అత్తయ్యతో కలిసి పనిచేసిన ఒకావిడ పర్చూరులో ఉంటుంది. వాళ్ళింట్లో భోజనం. గోంగూర, ఎండు రొయ్యలు కలిపి వండింది. మా ఇంట్లో ఈ రెండింటినీ కలపరు. ఇక నుంచి కలుపుతాను. పాప నిద్రపోతోంది కదా అని అత్తయ్యకు అప్పగించి బజారుకు వెళ్ళాను.

ఫ్యాన్సీ షాపతను నన్ను ఎగాదిగా చూశాడు. "షేవింగ్ బ్రష్షా? ఇప్పుడెవరు కొంటున్నారండీ, అంతా ట్యూబు నురగే. నా దగ్గరున్న ఆఖరి డజను ఆ కారం మిల్లాయన పట్టుకుపోయాడు. ఆయన్ని అడగండి."

కారం మిల్లు ఆయన గడ్డం గీసుకుని వారమై ఉంటుంది. డజను బ్రష్షులు ఎందుకో లోపలికి అడుగుపెట్టగానే తెలిసింది. జల్లెడ అంచుల్లో, మర మూలల్లో ఇరుక్కున్న కారాన్ని బ్రష్షుతో ఊడ్చి డబ్బాలోకి రాలుస్తున్నాడు.

"చీపురుపుల్ల జల్లెడని గీరుతుందండీ. గుడ్డ మూలల్లోకి పోదు. ఇదైతే మనం పెట్టిన చోటికల్లా పోద్ది," అన్నాడు. అరిగిపోయిన ఒకటి పక్కన పడేసి ఉంది. తెల్ల పిడి. పిడి మీది గీతల్లోకి ఎరుపు దిగి, ఎవరో కావాలని ముగ్గు వేసినట్టుంది. అది అమ్ముతారా అని అడిగాను.

"మీ ఆయనకా?" అని పెద్దగా నవ్వాడు. "పట్టుకెళ్ళండి. ఒక్కసారి రాసుకున్నాడా, జన్మలో మళ్ళీ గడ్డం జోలికి పోడు."

ఇరవై రూపాయలిస్తే వద్దన్నాడు. బల్ల మీద పెట్టి వచ్చేశాను. నలభై రెండోది. రెండు కవర్లలో చుట్టి, ముడేసి, చేతులు మూడుసార్లు కడుక్కుని గానీ పాపను ముట్టుకోలేదు. అంత జాగ్రత్తపడ్డాను. ఎందుకు చెబుతున్నానంటే, మరునాడు నేను చేసిన పని చూస్తే ఎవరూ నమ్మరు.

వాడరేవు

రాత్రికి చీరాలలో అత్తయ్య పెద్దమ్మ కూతురి ఇల్లు. సాయంత్రం ఆటోలో వాడరేవు వెళ్ళాం. సముద్రాన్ని చూసి పాప చేతులు చాచింది. అలకు పది గజాల ఇవతలే కూర్చున్నాను. అత్తయ్య చీర పైకి దోపుకుని మోకాలి లోతులో నిలబడి, "రావే, నిన్నేమీ తినదు," అని పిలుస్తోంది. వెళ్ళలేదు. పక్కనే తాటాకు చాపల మీద చేపలు ఎండుతున్నాయి. గుంటూరులో మేం కొనే ధరలో సగం చెప్పింది అక్కడి ఆవిడ. వాసన బస్సులో నలుగురికీ వస్తుందని కొనలేదు.

ఒక పెద్దాయన పడవ ఇంజనుకు గ్రీజు పూస్తున్నాడు, షేవింగ్ బ్రష్షుతో. నా ప్రాణం లేచివచ్చింది. అడిగాను.

"నీకిచ్చి రేపు నేను వేలితో పూసుకోనా?" అన్నాడు తల ఎత్తకుండానే. ఇవ్వలేదు. ఇంతవరకు నన్ను కాదన్న బ్రష్షు అదొక్కటే.

పాప అలసిపోయి ఆటోలోనే నిద్రపోయింది. ఆ రాత్రి నీలం బ్రష్షు తియ్యాల్సిన అవసరం రాలేదు.

పొద్దున చూస్తే సంచి నిండా ఇసుక. చిన్న సంచి జిప్పు సరిగ్గా వెయ్యనట్టున్నాను, నీలం బ్రష్షు వెంట్రుకల్లో కూడా ఇసుకే. కంటి మీద రాసే వస్తువు కదా, కడగాలి. ఎలాగూ కడుగుతున్నానని మిల్లు బ్రష్షు కూడా తీశాను. ముందు దాన్ని కుళాయి కింద పట్టి, ఎర్రనీళ్ళు ఆగి తెల్లనీళ్ళు వచ్చేదాకా పిండాను. ఇక శుభ్రమే అనుకున్నాను. ఒక మగ్గులో షాంపూ పొట్లం చింపి వేసి, మూడు బ్రష్షులూ కలిపి నానబెట్టాను. నాన్నది, పాపది, మిల్లుది.

పచ్చిమిరపకాయలు తరిగిన చేతికి నీళ్ళు పనిచేయవు, ముందు నూనె రాసుకోవాలి. గుంటూరులో పుట్టిన ఆడపిల్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పనిలేదు. నేను వారానికి నాలుగు రోజులు చేసే పనే. చేతి విషయంలో తెలిసింది బ్రష్షు విషయంలో తట్టలేదు. గంటలో సముద్రపు గాలికి మూడూ ఆరిపోయాయి. వెంట్రుకలు విచ్చుకుని, కొత్తవాటిలా ఉన్నాయి. ముచ్చటపడి సంచిలో పెట్టుకున్నాను.

ఒంగోలు

బస్టాండు బయట అత్తయ్య మిరపకాయ బజ్జీలు కొంది. నాలుగు ముప్ఫై రూపాయలు. మా వైపు కాయలో వాము, చింతపండు కూరతారు. ఇక్కడ కాయ చీల్చి ఉల్లిపాయ ముక్కలు పోసి నిమ్మకాయ పిండారు. పాప చెయ్యి చాపితే అత్తయ్య బజ్జీ అంచున కరకరలాడే పిండి ముక్క తుంచి పెట్టింది. మూతి తన వేళ్ళతో తుడిచింది.

"అత్తయ్యా, కారం చెయ్యి."

"ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని పెంచా. నాకు నేర్పకు."

కనిగిరి బస్సులో మాకు దొరికిన సీట్ల చుట్టూ ఒక ఆడవాళ్ళ గుంపు. ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు కాబట్టి అందరూ కార్డులు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. గుంటూరు వైపు మిరపకోతలకు వచ్చి నెలన్నర తరువాత ఇళ్ళకు పోతున్నారు. వేళ్ళ చివర్లు నల్లబడి, గోళ్ళ పక్కన పగిలి ఉన్నాయి. వాళ్ళలో పెద్దావిడ కోటమ్మ. మేం కనిగిరి వెళ్తున్నామంటే కళ్ళు పెద్దవి చేసింది.

"బతకలేక మేం మీ ఊళ్ళకొస్తుంటే, మీరు మా ఊరొస్తున్నారా? ఏముందమ్మా అక్కడ, రాళ్ళు తప్ప?"

"రాళ్ళ మీద కోట ఉందిగా పిన్నీ," అంది వెనక నుంచి ఒకమ్మాయి.

"ఉంటే? కోటలో అన్నం పెడతారా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు మళ్ళీ నవ్వలేదు.

పొదిలి ఇంకా రాకముందు

ఎండ కిటికీలోంచి పాప మొహం మీద పడుతోంది. నిద్రకు వచ్చి చిరాకు పడుతోంది. ఒడిలో పడుకోబెట్టి నీలం బ్రష్షు తీశాను. నుదురు, రెప్పలు, బుగ్గలు. నుదురు, రెప్పలు, బుగ్గలు. పాప నవ్వి, బ్రష్షు లాక్కుని నోట్లో పెట్టుకుంది.

ఎన్నిసార్లు రాశానో లెక్క గుర్తులేదు. ఒక్కసారిగా కేక పెట్టింది. అలాంటి ఏడుపు నేను అంతవరకు వినలేదు. రెండు పిడికిళ్ళతో కళ్ళు నలుపుకుంటోంది. ఒళ్ళంతా విల్లులా వెనక్కి వంచేస్తోంది. బట్టల్లో పిన్ను ఉందేమో చూశాను. చీమ, చెవి, జ్వరం, అన్నీ చూశాను. రెప్పలు ఎర్రగా ఉబ్బుతున్నాయి. పాలు పడితే ఊరుకుంటుందని కొంగు కప్పి పట్టాను. రెండు గుక్కలు తాగిందో లేదో, నాకు నిప్పు పెట్టినట్టు మంట.

అప్పుడర్థమైంది. ఒడిలో పడి ఉన్న బ్రష్షును నా పెదవికి ఆనించి చూసుకున్నాను. అనుమానమే లేదు.

"కారం," అన్నాను. "అత్తయ్యా, కళ్ళల్లో కారం పడింది."

అత్తయ్య తన కుడిచెయ్యి వైపు చూసుకుంది. "ప్రభువా, నా చెయ్యే. బజ్జీ చేత్తో మూతి తుడిచా. నువ్వు చెబుతూనే ఉన్నావు."

కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ బ్రష్షు నా చేతిలోనే ఉంది. చెప్పలేదు. దాన్ని సంచిలో వేసి జిప్పు లాగాను.

కోటమ్మ అప్పటికే లేచి నిలబడింది. "ఒరేయ్ డ్రైవరూ, ఆపరా బస్సు! పిల్ల కళ్ళల్లో కారం పడింది!"

బస్సు ఆగింది. రోడ్డు పక్కన పత్తిచేను. తువ్వాలు పరిచి పాపను పడుకోబెట్టారు. ఆ గుంపులో ఎవరు ఏ పని చేయాలో ఎవరూ చెప్పుకోలేదు. ఒకమ్మాయి పాప చేతులు రెండూ తువ్వాలులో చుట్టి పట్టుకుంది. మిగిలినవాళ్ళు నీళ్ళ సీసాల మూతలు తిప్పి వరసగా నిలబడ్డారు.

"నలపనివ్వకు. నలిపితేనే కనుగుడ్డు గీరుకునేది," అంది కోటమ్మ. "అమ్మా, తల పక్కకి తిప్పు. ముక్కు వైపు నుంచి చెవి వైపుకి పొయ్యాలి. ఈ కంటి నీళ్ళు ఆ కంట్లోకి రాకూడదు. చెయ్యి కడుక్కున్నావా నువ్వు? సబ్బుతో కడుక్కునిరా ముందు!"

కడుక్కున్నాను. రెప్ప తెరిచి పట్టుకోవడం నా వంతు. కోటమ్మ సన్నటి ధారగా పోస్తూనే ఉంది. ఒక సీసా అయిపోతే ఇంకో చెయ్యి ఇంకో సీసా అందించింది. ఎండాకాలపు ప్రయాణంలో తాగడానికి తెచ్చుకున్న నీళ్ళవి. ఎవరో చేలోకి దిగి విచ్చిన పత్తికాయ కోసుకొచ్చారు. ఆ దూదిని కొబ్బరినూనెలో ముంచి, కళ్ళకు తగలకుండా నుదురు, బుగ్గలు, పెదాల చుట్టూ కోటమ్మే తుడిచింది. తరువాత సబ్బు నురగతో మళ్ళీ తుడిచింది.

"ముందు నూనె, తర్వాత సబ్బు. నీళ్ళకి లొంగదమ్మా ఇది," అంది నాతో, తెలియనిదానికి చెబుతున్నట్టు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ అత్తయ్య దగ్గరికి రాలేదు. రోడ్డు అంచున కూర్చుని, కుడిచేతిని మట్టితో, రాయితో తోముతూ ఉంది.

పొదిలి

బస్టాండుకు దగ్గరలో ఒక ఆస్పత్రి. డాక్టరు నా వయసమ్మాయే. పాప కళ్ళల్లో చుక్కలు వేసి, నీలం లైటు పెట్టి చూసింది. ఆ రెండు నిమిషాలు నేను గోడ మీది క్యాలెండరులో అంకెలు చదువుతూ నిలబడ్డాను.

"గీతలేమీ పడలేదు. వెంటనే నీళ్ళు పోశారు కాబట్టి సరిపోయింది. వాపు రేపటికి తగ్గుతుంది. తగ్గకపోతే తీసుకురండి," అంది. "ఎలా జరిగింది?"

"నా వల్లేనమ్మా," అంది అత్తయ్య. "బజ్జీ తిన్న చెయ్యి."

"పెద్దవారు, మీకు తెలియదా?"

అత్తయ్య తల దించుకుంది. అంతవరకు ఎవరి ముందూ ఆమె తల దించడం నేను చూడలేదు. చర్చి పెద్దలతో కూడా గొడవపడే మనిషి. సంచి నా భుజాన ఉంది. అందులో బ్రష్షు ఉంది. చెప్పేస్తే నలభై రెండూ పొయ్యిలోకి పోతాయన్న భయం ఒకటి. కానీ అంతకన్నా పెద్ద భయం, తల్లివి నువ్వు చేశావా అని ఆ డాక్టరు నావైపు తిరుగుతుందని. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని పెంచిన మనిషి తట్టుకుంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఇది రాయడం కష్టంగా ఉంది, కానీ నేను అనుకున్నది అదే.

కనిగిరి

కొండ మీద కోట గోడలు ఊళ్ళోకి రాకముందే కనిపించాయి. అత్తయ్య తమ్ముడి ఇంటి గుమ్మానికి రంగు కాగితాలు కట్టి ఉన్నాయి. సజ్జరొట్టెలు, నాటుకోడి పులుసు. మా వైపు పెళ్ళి భోజనంలో రొట్టె పెడితే పెళ్ళివారు లేచి వెళ్ళిపోతారు. ఇక్కడ అన్నం కంటే ముందు రొట్టే అడిగి వేయించుకుంటున్నారు. కూడికలో అందరూ పాపకోసం ప్రార్థన చేశారు. పాప ఉబ్బిన కళ్ళతో చుట్టూ చూస్తూ, అత్తయ్య వైపు చేతులు చాపింది.

అత్తయ్య తీసుకోలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వద్దు తల్లీ. నానమ్మ చేతులు మంచివి కావు."

పాప ఏడ్చింది. ఎంతసేపటికీ అత్తయ్య చేతులు ముందుకు రాలేదు. ఇక నా వల్ల కాలేదు. జనం పలచబడ్డాక పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర ఆమెను పట్టుకున్నాను. మళ్ళీ సబ్బుతో చేతులు రుద్దుకుంటోంది.

"అత్తయ్యా, మీ చెయ్యి కాదు. నా బ్రష్షు."

మగ్గు గురించి, మిల్లు గురించి, జిప్పు గురించి అంతా చెప్పాను. చేతుల మీది నురగ కిందికి కారుతోంది.

"పొదిలిలో డాక్టరు నన్నడిగినప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

"ఆ బస్సులో కూడా తెలుసు."

"తెలుసత్తయ్యా."

"ఇంతసేపు నా మనవరాలిని ఎత్తుకోకుండా చేశావు కదే." గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది. "తీసుకురా. అన్నీ తీసుకురా."

మూడూ తెచ్చి ఇచ్చాను. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి ఇంకా నిప్పులతోనే ఉంది. అత్తయ్య దాని దాకా నడిచింది. నాన్న బ్రష్షు పాలరంగు పిడి ఆమె పిడికిట్లోంచి బయటికి కనిపిస్తోంది. నేను అడ్డుపడలేదు. అడ్డుపడే హక్కు పొదిలిలోనే పోయింది.

ఆమె పొయ్యి పక్కనున్న నూనె గిన్నె తీసుకుని వెనక్కి వచ్చింది.

తొట్టి గట్టు మీద కూర్చుని, మిల్లు బ్రష్షును కవరులో చుట్టి నావైపు విసిరింది. "వెళ్ళేటప్పుడు పర్చూరులో దిగి అతనిది అతనికిచ్చెయ్. అది కారానికి పుట్టింది." మిగిలిన రెండింటినీ నూనెలో ముంచి వేళ్ళతో కుదుళ్ళ దాకా పిసికింది. సబ్బు పెట్టింది, కడిగింది, కొంగుతో పిండింది. పాప బ్రష్షును తన రెప్పల మీద అటూ ఇటూ రాసుకుంది.

కాసేపటికి కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

"ఇంకా ఉంది," అని మళ్ళీ నూనెలో ముంచింది.

"నేను చూస్తానత్తయ్యా, ఇటివ్వండి."

"నీ కళ్ళు పిల్లకి కావాలి. నోరు మూసుకుని నీళ్ళు పొయ్యి."

పోశాను. రెండోసారీ కన్ను ఎర్రబడింది. మూడోసారి కొంచెమే. నాలుగోసారి రాసుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు కదలకుండా కూర్చుంది. లోపల ఎవరో పాప ఏడుపు మాన్పించడానికి గిన్నెలు వాయిస్తున్నారు. నేను చెంబు పట్టుకుని నిలబడే ఉన్నాను.

"ఊ," అంది చివరికి. రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టి వాసన చూసుకుంది. బ్రష్షును కొంగుతో ఒత్తి, పొడిగా అయ్యేదాకా పొయ్యి సెగ తగిలేలా కాస్త దూరంగా పట్టుకుంది.

తరువాత నన్ను దాటుకుని లోపలికి వెళ్ళి, పాపను తన ఒళ్ళో పడుకోబెట్టుకుని, నుదుటి మీద మొదలుపెట్టింది. ఎలా రాయాలో నేను ఎప్పుడూ చూపించలేదు. నుదురు, రెప్పలు, బుగ్గలు. ఎన్నిసార్లో పైకే లెక్కపెడుతోంది. పాప రెప్పలు వాలాక, పద్దెనిమిది దగ్గర ఆగింది.